జేమ్స్ బాండ్ వాచీకి ఉన్న లెక్క

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కొలంబియా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి జాతీయ గడియారాల మ్యూజియం 2010లో ఒక ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేసింది. అద్దాల వెనుక పెట్టినవి ఏ చక్రవర్తి వాడినవో, ఏ శాస్త్రవేత్త వాడినవో కావు. అసలు పుట్టనే పుట్టని ఒక మనిషి చేతి గడియారాలు అవి. ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో ‘కాసినో రాయల్’ నవలతో లోకానికి పరిచయం చేసిన బ్రిటిష్ గూఢచారి జేమ్స్ బాండ్ నవలల్లో, సినిమాల్లో ఏ సందర్భంలో ఏ గడియారం కట్టాడన్నదే ఆ ప్రదర్శనకు విషయం. స్విట్జర్లాండ్‌లోని బియెన్ పట్టణంలో ఒమెగా సంస్థ నడుపుతున్న సొంత మ్యూజియంలోనూ ఈ కల్పిత గూఢచారికి గౌరవప్రదమైన చోటే దక్కింది.

ఆ గడియారాల గురించి తెలియని సంగతంటూ దాదాపు లేదు. 1962లో వచ్చిన ‘డాక్టర్ నో’లో షాన్ కానరీ చేతికి ఉన్నది రోలెక్స్ సబ్‌మెరైనర్. 1973 నాటి ‘లివ్ అండ్ లెట్ డై’లో రోజర్ మూర్ రోలెక్స్ అంచు రంపంలా గిర్రున తిరిగి కట్లను కోసేస్తుంది. అదే సినిమా ఆరంభంలో ఎర్రటి అంకెలు వెలిగే పల్సర్ డిజిటల్ వాచీ కనిపిస్తుంది. 1977లో సీకో వంతు వచ్చింది. ఆ వాచీలోంచి పై అధికారుల సందేశం ముద్రితమైన పట్టీగా బయటకు వస్తుంది. ఉదయ్‌పూర్ సరస్సుల మధ్య తీసిన 1983 నాటి ‘ఆక్టోపస్సీ’లోనూ సీకోయే. 1995 నుంచి ఒమెగా. 1965లో ‘థండర్‌బాల్’ కోసం అణుధార్మికతను కొలిచే పరికరంగా మలచిన బ్రైట్లింగ్ వాచీ ఒకటి చాలాకాలం జాడ లేకుండా పోయి, ఇంగ్లండ్‌లో పాత సామాన్ల సంతలో 25 పౌండ్లకు ఎవరికో దొరికింది. 2013లో క్రిస్టీస్ సంస్థ వేలంలో అది 1,03,875 పౌండ్లు పలికింది.

ఇదంతా అభిమానుల చాదస్తమని తీసిపారేయడం తేలిక. కానీ ఆ చాదస్తంలో ఒక క్రమశిక్షణ ఉంది. ప్రతి వస్తువుకూ నమూనా సంఖ్య ఉంది, సంవత్సరం ఉంది, అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందన్న చరిత్ర ఉంది. వాదన వస్తే సినిమా రీలును ఆపి చూసి తేల్చుకుంటారు. కల్పిత గూఢచారి విషయంలో లోకం ఇంత కచ్చితమైన పద్దు రాసుకుంది. మరి నిజమైన గూఢచర్యానికి, అందులోనూ ప్రజల పేరిట, ప్రజల డబ్బుతో, కొన్నిసార్లు ప్రజల మీదే సాగే గూఢచర్యానికి ఈ దేశంలో పద్దు ఎక్కడుంది?

పుట్టని మనిషి వాచీ సంగతి అలా ఉంటే, నిజంగా పుట్టి, మారువేషంలో సరిహద్దులు దాటిన ఒక మనిషి వాచీ సంగతి మరోలా ఉంది. ఆ కథ జంషెడ్‌పూర్‌కు పరాయిది కాదు. 1928లో ఉక్కు కార్మికుల సమ్మె సమయంలో సుభాష్ చంద్రబోస్ ఈ ఊరికి వచ్చి జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ నాయకత్వం స్వీకరించారు. శ్రీకాకుళం ప్రాంతం నుంచి పొట్ట చేతబట్టుకుని కర్మాగారానికి వచ్చి, తరాలు గడిచాక బారిడీహ్‌లోనూ సిద్‌గోడాలోనూ కద్మాలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కార్మిక సంఘమంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు. అక్కడి నుంచి పదమూడేళ్లు గడిచాక, 1941 జనవరిలో, కలకత్తా ఎల్గిన్ రోడ్డులోని ఇంటి చుట్టూ కాపలా కాస్తున్న పోలీసు నిఘా కళ్లుగప్పి బోస్ బయటపడ్డారు. వేషం మహమ్మద్ జియావుద్దీన్ అనే బీమా సంస్థ ఉద్యోగిది. అన్న కొడుకు శిశిర్ బోస్ నడిపిన వాండరర్ కారులో ధన్‌బాద్ ప్రాంతానికి చేరి, నేటి జార్ఖండ్‌లో ఉన్న గోమో స్టేషన్‌లో కాల్కా మెయిల్ ఎక్కారు. 2009లో ఆ స్టేషన్‌కు ఆయన పేరే పెట్టారు. ఆ కారు కోల్‌కతాలోని నేతాజీ భవన్‌లో భద్రంగా ఉంది. దానికి మళ్లీ జీవం పోశాక 2017లో అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆవిష్కరించారు.

కారుకు దక్కిన నిశ్చయం చేతి గడియారానికి దక్కలేదు. 1945 ఆగస్టు 18న తైహోకులో విమానం కూలిందని చెప్పే ఘటనలో ఆయన వెంట ఉన్న హబీబుర్ రహమాన్, నేతాజీదంటూ కాలిన వాచీ ఒకటి తెచ్చి ఇచ్చారు. అది దీర్ఘచతురస్రాకారంలో ఉంది. నేతాజీ కట్టేది గుండ్రటిదని ఆయన్ను ఎరిగినవారిలో కొందరు వాదించారు. 1956లో షానవాజ్ కమిటీ, 1970లో ఖోస్లా కమిషన్, 1999లో ముఖర్జీ కమిషన్ వేశారు. మొదటి రెండూ విమాన ప్రమాదంలోనే మరణించారన్నాయి. మూడోది కాదన్నది, ఆ నివేదికను 2006లో కేంద్ర ప్రభుత్వం తిరస్కరించింది. బాండ్ 1973లో ఏ వాచీ కట్టాడన్న ప్రశ్నకు క్షణంలో జవాబు చెప్పగల ప్రపంచంలో, స్వాతంత్ర్య సమరయోధుల్లో అగ్రగణ్యుడైన ఒకరి వాచీ గుండ్రటిదా నలుపలకలదా అన్నది దశాబ్దాల వాదన అయి కూర్చుంది.

అసలు విషయం వాచీ ఆకారం కూడా కాదు. 1948 నుంచి 1968 వరకు, అంటే ఇరవై ఏళ్లపాటు, స్వతంత్ర భారత ప్రభుత్వపు ఇంటెలిజెన్స్ బ్యూరో బోస్ కుటుంబీకులపై నిఘా పెట్టిందని, వారి ఉత్తరాలు విప్పి చదివిందని 2015లో దస్త్రాలు బయటపడ్డాక గాని దేశానికి తెలియలేదు. ఆ ఇరవై ఏళ్లలో పదహారేళ్లు ప్రధాని నెహ్రూయే. సహజంగానే భారతీయ జనతా పార్టీ కాంగ్రెస్‌ను నిలదీసింది. నిలదీయడం న్యాయమే. 2016 జనవరి 23న నేతాజీ జయంతి నాడు ప్రధాని మోదీ వంద దస్త్రాలు విడుదల చేశారు, అదీ మెచ్చదగినదే. అయితే ఆ వేడిలో ఒక్క ప్రశ్న మాత్రం ఏ పక్షమూ వేయలేదు. అలాంటి నిఘాను మళ్లీ ఎవరి మీదా పెట్టకుండా అడ్డుకునే చట్టం ఏదన్నది ఆ ప్రశ్న. గతం తాలూకు దస్త్రాలు తెరవడానికి ఉత్సాహపడిన ప్రభుత్వం వర్తమానపు దస్త్రాలకు తాళం ఎవరి దగ్గర ఉండాలో చెప్పడానికి ఉత్సాహపడలేదు. ప్రతిపక్షంలోకి మారిన కాంగ్రెస్ కూడా ఆ తాళం తన చేతిలో ఉన్న రోజులను గుర్తు చేసుకోవడానికి ఇష్టపడలేదు.

నిఘా సంస్థలను ప్రశ్నించడానికి జనం ఎందుకు జంకుతారన్న దానికి సమాధానం కొంతవరకు వెండితెర మీదే ఉంది. తెలుగువారికి గూఢచారి అనగానే 1966 నాటి ‘గూఢచారి 116’, అందులో కృష్ణ గుర్తుకొస్తారు. ‘ఆంధ్రా జేమ్స్ బాండ్’ అన్న బిరుదు ఆ ఒక్క సినిమా సంపాదించి పెట్టిందే. మరుసటి ఏడాది అదే కథ జితేంద్ర కథానాయకుడిగా హిందీలో ‘ఫర్జ్’ అయింది. జంషెడ్‌పూర్ లాంటి ఊళ్లో తెలుగు ఇంట ఒక పేరుతో, పక్కనే ఉన్న హిందీ ఇంట మరో పేరుతో ఒకే గూఢచారి వీరుడయ్యాడు. ఆ తరువాత ‘జేమ్స్ బాండ్ 777’, ‘ఏజెంట్ గోపి’, ‘రహస్య గూఢచారి’. పుస్తకాల వైపు మధుబాబు షాడో. ఇవి చెడ్డవని ఎవరూ అనరు. వేసవి సెలవుల్లో షాడో నవలలు చదవని తరం తెలుగునాట లేదు. అయితే ఈ కథల్లో గూఢచారి ఎప్పుడూ ఒప్పే చేస్తాడు. తప్పు ఇంటి తలుపు తట్టడు. పట్టుబడినా చివరి రీలుకల్లా తప్పించుకుంటాడు. అతడికి సెలవు మంజూరు చేసే గుమాస్తా ఉండడు, జీతం ఆగిపోదు, అతడి కోసం ఎదురు చూస్తూ పిల్లలు పెద్దవాళ్లు కారు. అతడికి ఆజ్ఞ ఇచ్చిన అధికారి ‘ఇతనెవరో మాకు తెలియదు’ అని న్యాయస్థానంలో చెప్పడు.

నిజ జీవితంలో చెబుతారు. 2022లో దాదాపు అయిదు వారాల వ్యవధిలో జరిగిన మూడు ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ దేశంలో గూఢచర్యం స్థితి తేటతెల్లమవుతుంది.

మొదటిది ఆగస్టు 25 నాటిది. పెగాసస్ వ్యవహారంలో విశ్రాంత న్యాయమూర్తి రవీంద్రన్ పర్యవేక్షణలోని సాంకేతిక కమిటీ ఇచ్చిన నివేదికలోని కొన్ని అంశాలను ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం చదివి వినిపించింది. పరీక్షించిన 29 ఫోన్లలో అయిదింట అనుమానాస్పద సాఫ్ట్‌వేర్ దొరికిందని, అది పెగాససేనని నిర్ధారించలేకపోయామని కమిటీ చెప్పింది. కేంద్రం సహకరించలేదని కూడా చెప్పింది. కోర్టుకెక్కిన పాత్రికేయుల్లో జార్ఖండ్‌కు చెందినవారు కూడా ఉన్నారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వం కొన్నదా లేదా అన్న సూటి ప్రశ్నకు ‘అవును’ అనో ‘కాదు’ అనో ఒక్క మాట రాలేదు. దేశ భద్రత అనే మాట పలికినంత మాత్రాన కోర్టులు ప్రేక్షకులుగా మిగిలిపోవని 2021 అక్టోబరులో ఆ కమిటీని వేసినప్పుడు ఇదే ధర్మాసనం స్పష్టంగా చెప్పింది. నివేదిక వినిపించిన మర్నాడే జస్టిస్ రమణ పదవీ విరమణ చేశారు. నివేదిక పూర్తి పాఠం ప్రజల ముందుకు రాలేదు.

రెండోది సెప్టెంబరు 12 నాటిది. ఇది పత్రికల్లో లోపలి పేజీల్లో వచ్చి వెళ్లిపోయింది. రాజస్థాన్‌కు చెందిన ఒక సామాన్యుడు 1966లో రైల్వే మెయిల్ సర్వీసులో చేరాడు. ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం. దేశం కోసం ప్రత్యేక బాధ్యత ఉందంటూ నిఘా విభాగం తనను పాకిస్తాన్‌కు పంపిందన్నది అతడి వాదన. 1976 డిసెంబరులో అక్కడ పట్టుబడ్డాడు. గూఢచర్య నేరానికి పద్నాలుగేళ్ల శిక్ష పడింది. ఇక్కడ తపాలా శాఖ ఏం చేసింది? విధులకు గైర్హాజరయ్యాడంటూ అతడు లేకుండానే విచారణ ముగించి 1980లో ఉద్యోగం తీసేసింది. 1989లో తిరిగివచ్చి, పోయిన ఉద్యోగం కోసం, బకాయిల కోసం తలుపులన్నీ తట్టాడు. పరిపాలనా ట్రిబ్యునల్ ఆలస్యంగా వచ్చావన్నది. హైకోర్టు కూడా ఆలస్యాన్నే ఎత్తి చూపింది. శత్రు దేశపు జైల్లో ఉన్నవాడు గడువులోగా అర్జీ పెట్టుకోలేదన్న మాట! చివరికి ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్ ధర్మాసనం అతడికి పది లక్షల రూపాయలు ఇవ్వాలని కేంద్రాన్ని ఆదేశించింది. మొదట అనుకున్నది అయిదు లక్షలే. డెబ్బై అయిదేళ్ల వయసు, కూతురి మీద ఆధారపడ్డ బతుకు చూసి రెట్టింపు చేసింది. ఈ మనిషితో తమకు సంబంధం లేదన్నదే ప్రభుత్వ న్యాయవాది వాదన. ఈ చెల్లింపు అతడి వాదనను ఒప్పుకున్నట్టు కాదని కోర్టు కూడా స్పష్టం చేయవలసి వచ్చింది. దయాధర్మంగా ఇచ్చిన డబ్బే తప్ప హక్కుగా దక్కినది కాదు.

మూడోది సెప్టెంబరు 28న లండన్‌లో జరిగింది. బాండ్ సినిమాలకు అరవై ఏళ్లు నిండిన సందర్భంగా క్రిస్టీస్ వేలంలో, ‘నో టైమ్ టు డై’లో డేనియల్ క్రెయిగ్ కట్టిన ఒమెగా వాచీ 2,26,800 పౌండ్లకు అమ్ముడుపోయింది. ఆనాటి మారకం లెక్కన సుమారు రెండు కోట్ల రూపాయలు. ఆ వాచీ ముఖంపై బాణం ములుకు లాంటి చిన్న గుర్తు ఉంటుంది. ‘ఇది సర్కారు సొత్తు’ అని తెలపడానికి బ్రిటిష్ ప్రభుత్వం తన సామగ్రిపై వేసే ముద్ర అది. సినిమా వాచీకి సర్కారు ముద్ర దొరికింది. ఇక్కడ రాజస్థాన్ తపాలా ఉద్యోగికి ఆ ముద్ర పద్నాలుగేళ్ల జైలు శిక్ష పడ్డాక కూడా దొరకలేదు.

ఇక్కడ ఆగి బ్రిటన్‌కు న్యాయం చేయాలి. ఆ వేలంలో వచ్చిన సొమ్ము స్వచ్ఛంద సంస్థలకు వెళ్లింది. వాటిలో బ్రిటన్ నిఘా సంస్థల్లో పనిచేసిన, పనిచేస్తున్న సిబ్బందికి అండగా ఉండే సంస్థలూ ఉన్నాయి. కల్పిత గూఢచారి చేతి గడియారం నిజమైన గూఢచారుల ఇళ్లకు కొంత ఆసరా అయింది. అలా కావాలంటే ముందు నిజమైన గూఢచారులు ఉన్నారని రాజ్యం ఒప్పుకోవాలి కదా. బ్రిటన్ ఆ పని చేయడానికి చాలాకాలం పట్టింది. బాండ్ పనిచేస్తున్నట్టు చూపే ఎంఐ6 సంస్థ ఉన్నదని ప్రధాని జాన్ మేజర్ 1992లో గాని పార్లమెంటులో అంగీకరించలేదు. అప్పటికి పదహారు బాండ్ సినిమాలు వచ్చేశాయి. గూఢచారి ఏ వాచీ కడతాడో ప్రపంచమంతటికీ తెలుసు. అతడి యజమాని మాత్రం అధికారికంగా లేడు. 1994లో చట్టం వచ్చింది, పార్లమెంటు సభ్యులతో పర్యవేక్షక కమిటీ వచ్చింది. అది లోపం లేనిదేమీ కాదు. రష్యా జోక్యంపై ఆ కమిటీ తయారు చేసిన నివేదికను బోరిస్ జాన్సన్ ప్రభుత్వం 2019 ఎన్నికలు దాటేదాకా బయటికి రానివ్వలేదు. అయినా ఏటా ఎన్ని నిఘా వారంట్లు జారీ అయ్యాయో అక్కడ ఒక స్వతంత్ర కమిషనర్ లెక్క ప్రకటిస్తాడు. నిఘా సంస్థల మొత్తం ఖర్చు ఒక పద్దుగా కనిపిస్తుంది.

భారత్‌లో ఇంటెలిజెన్స్ బ్యూరో మూలాలు 1887 నాటివి. ‘రా’ 1968లో పుట్టింది. రెండింటికీ అధికారాలూ పరిమితులూ నిర్దేశించే చట్టం లేదు. కార్యనిర్వాహక ఉత్తర్వులతోనే నడుస్తున్నాయి. సమాచార హక్కు చట్టంలోని 24వ సెక్షన్, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప మిగతా అన్నింటి నుంచీ వాటిని మినహాయించింది. నిఘా సంస్థల పేరు శీర్షికలో ఉన్న చట్టం 1985లో ఒకటి వచ్చింది. అది ఆ సంస్థల సిబ్బంది సంఘాలు పెట్టుకోకుండా ఆంక్షలు విధించడానికి! ఆ సంస్థలు పౌరుడిని ఏం చేయవచ్చునో, ఏం చేయకూడదో చెప్పడానికి చట్టం చేయని పార్లమెంటు, అందులో పనిచేసే ఉద్యోగి సంఘం పెట్టుకోకూడదని మాత్రం శ్రద్ధగా చట్టం చేసింది. కార్మిక సంఘాల మీద పెరిగిన ఊరికి ఈ వ్యంగ్యం వెంటనే అర్థమవుతుంది.

నేతల చేతి గడియారాల విషయంలో మన రాజకీయం ఎంతో చురుకు. 2016 ఆరంభంలో కర్ణాటక ముఖ్యమంత్రి సిద్దరామయ్య చేతికి ఖరీదైన హబ్లో వాచీ ఎలా వచ్చిందని రాష్ట్రం అట్టుడికింది. స్నేహితుడి కానుక అని చెప్పి, ఆయన చివరికి దాన్ని స్పీకర్‌కు అప్పగించి ప్రభుత్వ ఆస్తిగా చేశారు. (అదే ఏడాది జనవరిలో, అదే బెంగళూరులో పుట్టిన హెచ్ఎంటీ వాచీల సంస్థ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కొన్ని తరాల పెళ్లికొడుకుల మణికట్టు మీద వెలిగిన వాచీ కోసం ఏ సభా అట్టుడకలేదు.) 2022 డిసెంబరులో తమిళనాడు భాజపా అధ్యక్షుడు అన్నామలై కట్టిన రఫేల్ వాచీ వంతు. బిల్లు చూపించమని డీఎంకే పట్టుబట్టింది. నెలల తరువాత ఆయన చూపించారు.

వాచీ బిల్లు అడిగే హక్కు ప్రతిపక్షానికి ఉంది, అడగాలి కూడా. మరి నిఘా బిల్లు సంగతేమిటి? కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ 2011లో నిఘా సంస్థల అధికారాలకు, వాటి నియంత్రణకు ఉద్దేశించిన ప్రైవేటు బిల్లు ఒకటి లోక్‌సభ ముందుంచారు. ఆయన మంత్రి కాగానే అది మరుగున పడింది. అధికారంలో ఉన్నది ఆయన పార్టీయే. స్వాతంత్ర్యం వచ్చాక చట్టమైన ప్రైవేటు సభ్యుల బిల్లులు పద్నాలుగే, 1970 తరువాత ఒక్కటీ లేదు కాబట్టి ఆశ్చర్యమూ లేదు. అంతకు ముందే, 2010 జనవరిలో, ‘రా’ తొలి అధిపతి ఆర్.ఎన్. కావ్ స్మారకోపన్యాసంలో అప్పటి ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ, నిఘా సంస్థలను పార్లమెంటుకు జవాబుదారీ చేయవలసిన అవసరాన్ని ప్రస్తావించారు. గూఢచారులతో నిండిన సభలో, ఒక గూఢచారి పేరిట జరిగిన ఉపన్యాసంలో వచ్చిన మాట అది. వాళ్లు ఆ మాట విన్నారు. చట్టసభలు వినలేదు. 2016లో ఇదే కోరికతో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

మ్యూజియం వాడు వస్తువును దాచిపెట్టి చూపిస్తాడు. నిఘా విభాగాలకు ఉన్న నియమం దీనికి పూర్తిగా తలకిందులు. ఫోన్ల వినికిడికి సంబంధించిన దస్త్రాలను, అవసరమైనవి మినహా, ఆరు నెలలకోసారి నాశనం చేయాలని టెలిగ్రాఫ్ నిబంధనల్లోని 419ఏ చెప్పింది. 2024 డిసెంబరులో వచ్చిన కొత్త నిబంధనలూ అదే దారి పట్టాయి. దీని వెనుక న్యాయమైన కారణం లేకపోలేదు: పౌరుల ప్రైవేటు సంభాషణలు ప్రభుత్వ బీరువాల్లో శాశ్వతంగా పడి ఉండకూడదు. కానీ సంభాషణలతో పాటు, ఎవరి మీద, ఎవరి ఉత్తర్వుతో, ఏ కారణం చెప్పి వినికిడి సాగిందన్న లెక్క కూడా బూడిద అయిపోతే ఆ నియమం కాపాడేది పౌరుడిని కాదు. ఉత్తర్వులిచ్చేది హోం కార్యదర్శి. వాటిని సమీక్షించేది తోటి కార్యదర్శుల కమిటీ. ఇంట్లో వాళ్లే దొంగ, ఇంట్లో వాళ్లే తలారి అన్నట్టుంది ఏర్పాటు.

ఇది ఢిల్లీ సంగతి మాత్రమే అనుకునే తెలుగు పాఠకులకు హైదరాబాద్‌లో నడుస్తున్న కేసు ఉంది. స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో మావోయిస్టుల కదలికలను కనిపెట్టడానికి ఏర్పడిన విభాగం. గత ప్రభుత్వ హయాంలో ఆ విభాగంలోని అధికారులు ప్రతిపక్ష నేతల, పాత్రికేయుల, వ్యాపారుల ఫోన్లు విన్నారని, 2023 డిసెంబరు ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని అభియోగం. 2024 మార్చిలో పంజాగుట్ట పోలీసు స్టేషన్‌లో కేసు నమోదైంది. నిందితులు ఆరోపణలు కాదంటున్నారు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. అయితే కోర్టు తేల్చే లోపు కూడా కనిపిస్తున్న సంగతి ఒకటి ఉంది. ఓడిన పక్షం దీన్ని కక్షసాధింపు అంటుంది, గెలిచిన పక్షం ద్రోహం అంటుంది. ఇకపై తమ చేతిలో ఉన్న అదే యంత్రాంగాన్ని శాసనసభ పర్యవేక్షణ కిందికి తెస్తామని ఏ పక్షమూ అనదు. యంత్రం ఎవరిదన్నదే తగాదా.

రహస్యం లేకుండా గూఢచర్యం లేదు. ఈ అభ్యంతరాన్ని కాదనలేం. ఏజెంటు పేరు, వాడి దారి, వాడి ఆచూకీ తెలిపే మార్గాలు బయటపడితే ప్రాణాలు పోతాయి. సరిహద్దు అవతల పనిచేసేవారి విషయంలో ఏ పార్లమెంటు సభ్యుడికీ అంతా చెప్పనక్కరలేదు. కానీ అడుగుతున్నది అది కాదు. ఏటా ఎన్ని వినికిడి ఉత్తర్వులు జారీ అయ్యాయన్న అంకె చెబితే ఏ ఏజెంటూ చావడు. ప్రమాణం చేసి గోప్యతకు కట్టుబడిన ఏడెనిమిది మంది పార్లమెంటు సభ్యులు ఖర్చు పద్దులు చూస్తే సరిహద్దు కూలదు. పంపిన మనిషి పట్టుబడితే వాడి భార్యకు జీతం ఎవరు ఇవ్వాలో మూసిన తలుపుల వెనుక రాసుకున్న నియమం ఒకటి ఉంటే శత్రువుకు దక్కే లాభమేమీ లేదు. అది లేనందువల్లే ఒక తపాలా ఉద్యోగి ముప్ఫై ఏళ్లకు పైగా కోర్టుల గుమ్మాల దగ్గర నిలబడ్డాడు. రహస్యం పేరిట ఇప్పటిదాకా కాపాడింది ఎక్కువగా అతడిలాంటి గూఢచారులను కాదు, అతడిని పంపినవారిని.

బారిడీహ్ జంషెడ్‌పూర్ తూర్పు శాసనసభ స్థానంలోని ప్రాంతం. 2019లో గద్దె మీద ఉన్న ముఖ్యమంత్రి రఘువర్ దాస్‌ను స్వతంత్రుడిగా నిలబడిన సరయూ రాయ్ చేతిలో ఓడించిన ఓటర్లు వీరు. పార్టీ చూసి కాక ప్రశ్న చూసి ఓటు వేయగలమని ఒకసారి నిరూపించుకున్నవారు. తమ లోక్‌సభ సభ్యుడు విద్యుత్ వరణ్ మహతో ఈసారి వీధి దీపాల గురించో రోడ్ల గురించో మాట్లాడడానికి వచ్చినప్పుడు, నిఘా సంస్థలకు చట్టం కావాలా వద్దా అని కూడా ఆయన్ను అడగవచ్చు. ఆయన అధికార పక్ష సభ్యుడు కాబట్టి ఆ జవాబుకు విలువ ఎక్కువ. 2011 నాటి ముసాయిదా పార్లమెంటు గ్రంథాలయంలో ఉంది, దుమ్ము దులిపితే చాలు. లోక్‌సభలో శుక్రవారం మధ్యాహ్నాలు ప్రైవేటు సభ్యుల పనికి కేటాయించినవే.